ఎర్ర సాసు లేని పిజ్జా

మా పాపకి టమాటా పడదు. ఈ మాట ఎవరికైనా చెబితే మొదట నవ్వుతారు. రొయ్యలు పడవంటే నమ్ముతారు, పల్లీలు పడవంటే అయ్యో అంటారు. టమాటా పడదంటే మాత్రం, అదేంటండీ, అది లేకుండా కూరెలా వండుతారు అని అడుగుతారు. కొంతమంది, పిల్లలు అలాగే పేచీలు పెడతారు, మీరు గారాబం చేస్తున్నారు అని కూడా అన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. మైలవరంలో ఆ సాయంత్రం నేను చూసింది వాళ్ళు చూడలేదు.

అప్పుడు పాపకి ఆరేళ్ళు. మావారి చిన్నాన్నగారు మైలవరంలో ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి విజయవాడ నుంచి అందరం వెళ్ళాం. భోజనాలయ్యాయి, ఎండ తగ్గింది. పిల్లలంతా వీధి చివర మురీ మిక్చరు బండి దగ్గరికి పోతామంటే మావారు వెంట వెళ్ళి తలా ఒక పొట్లం ఇప్పించారు. మరమరాలు, పల్లీలు, ఉల్లిపాయలు, పచ్చి టమాటా ముక్కలు, పైన నిమ్మరసం. పాప సగం పొట్లం తిని, మిగతాది పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నేను అరుగు మీద కూర్చుని తోడికోడలితో మాట్లాడుతున్నాను.

"అమ్మా, గొంతులో ఏదో అడ్డుగా ఉంది" అంది.

మరమరం ఇరుక్కుందేమో అనుకుని మంచినీళ్ళు తాగించాను. నీళ్ళు తాగిన నోరు చూస్తే పెదవులు కొంచెం ఉబ్బినట్టున్నాయి. చీమ కుట్టిందా అని అడుగుతుంటేనే కళ్ళ చుట్టూ వాచింది. మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. "అమ్మా" అని మళ్ళీ పిలిచింది. ఆ గొంతు మా పాపది కాదు. జలుబు చేసిన ముసలావిడ గొంతులా బొంగురుగా ఉంది.

ఆ తర్వాత జరిగింది నాకు వరసగా గుర్తు లేదు. ఆయన పాపని ఎత్తుకుని పరుగెత్తడం, నేను చెప్పులు లేకుండా వెనకాల పరుగెత్తడం, రోడ్డు మీద ఓ చిన్న ఆసుపత్రి, అక్కడి డాక్టరుగారు ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా తొడకి ఇంజెక్షను చెయ్యడం. కాసేపటికి పాప ఊపిరి తేలికపడింది. ఆక్సిజను పెట్టి, ఇక వెంటనే విజయవాడ తీసుకెళ్ళండి, ఇది మళ్ళీ తిరగబెట్టొచ్చు అన్నారాయన. మాతో ఒక నర్సుని కూడా పంపించారు. కారులో దారి పొడుగునా పాప ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అది పైకి లేచినప్పుడల్లా ఇంకోసారి లేస్తుందా లేదా అని చూడటం తప్ప నాకు ఇంకో పని లేదు. ఇబ్రహీంపట్నం దగ్గర లారీలు అడ్డం పడి కారు ఆగిపోయింది. ఆయన హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

పాప రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. ఆ మిక్చరులో పల్లీలున్నాయి కాబట్టి అందరం పల్లీలే అనుకున్నాం. ఇంట్లో పల్లీలు మానేశాం, వేరుశనగ నూనె మానేశాం. తర్వాత పరీక్షలు చేయిస్తే పల్లీలు కాదని తేలింది. డాక్టరుగారు కాగితం చూసి, కొంచెం ఆశ్చర్యంగానే, టమాటా అన్నారు. ఇలాంటివి అరుదే కానీ ఉన్నాయండీ అన్నారు. అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. టమాటా చారన్నం తిన్నాక మూతి చుట్టూ ఎర్రబడటం, వేడి చేసిందని మజ్జిగ తాగించడం, పచ్చడి ముద్ద పెడితే నాలుక దురద అని ఉమ్మెయ్యడం. పాప తనకి తెలిసినంతలో చెబుతూనే ఉంది.

డాక్టరుగారు ఇంట్లో ఉంచుకోమని మందు, సూదీ ఇచ్చారు. గొంతు బిగుసుకుంటే ఆసుపత్రికి బయల్దేరే లోపే తొడకి గుచ్చేయాలి. చిన్న గాజుబుడ్డి మెడ విరిచి, సూదిలోకి ఎంత గీత దాకా లాగాలో, ఎక్కడ గుచ్చాలో చూపించారు. ఇంటికొచ్చి బత్తాయి కాయ మీద, నీళ్ళు నింపిన సూదితో నేర్చుకున్నాను. బత్తాయికి గుచ్చడం వచ్చింది. పాపని చూసినప్పుడు మాత్రం, ఆ సమయానికి నా చేతులు పనిచేస్తాయా అన్న అనుమానం వదల్లేదు.

మా కుటుంబం చిన్నదే. మావారిది గవర్నర్‌పేటలో బట్టల హోల్‌సేల్ షాపు, అన్నదమ్ములు కలిసి చూసుకుంటారు. నేను ఓ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. అత్తయ్య మాతోనే ఉంటారు. ఆవిడ పుట్టిల్లు కూచిపూడి పక్కన పల్లెటూరు, వంటలో ఆవిడదే పైచెయ్యి. టమాటా సంగతి తేలిన రోజున బుట్టలో ఉన్నవన్నీ సంచిలో పోసి పనిమనిషికి ఇచ్చేసి, ఇక ఈ ఇంట్లోకి రావద్దు అన్నారు. "మా నాయనమ్మ వాటిని రామములక్కాయలనేది, వంటింట్లోకి రానిచ్చేది కాదు. మేం బతకలేదా?" అన్నారు. చింతపండు, మామిడికాయ, చింతచిగురు, గోంగూర, ఉసిరికాయ. పులుపుకి మా వైపు కరువేముంది. ఇంట్లో వంట నిజంగానే ఆగలేదు.

ఆగింది బయట. టమాటా లేనిది ఏదీ లేదని బయటికెళితే గానీ తెలియదు. హోటల్లో సాంబారు, కుర్మా, బిర్యానీ పక్కన ఇచ్చే కూర. చిప్స్ పాకెట్ మీద చల్లే పొడి. నూడిల్స్ మసాలా. పెళ్ళిళ్ళలో గరిటె ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మారుతుంది. పాప స్కూల్లో ఎవరి బాక్సులోది తింటుందో అని ఆఫీసులో కూర్చుని వణికేదాన్ని. స్కూలు నంబరు నుంచి ఫోనొస్తే చేతిలో పని వదిలేసి ఎత్తేదాన్ని. ఓసారి, పాప నీళ్ళ సీసా బస్సులో మర్చిపోయిందండీ అని చెప్పడానికి టీచరు ఫోన్ చేస్తే, సరేనండీ అని పెట్టేసి, బాత్రూమ్‌లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. పాపకి ఊహ తెలిసే కొద్దీ ఒకే మాట నూరిపోశాను. ఎవరేం పెట్టినా తినకు. ఎర్రగా ఉంటే ముట్టుకోకు. అనుమానం వస్తే అమ్మకి చెప్పు.

పాప విన్నది. ఎంత బాగా విన్నదో నాకు తర్వాత తెలిసింది.

మా కింది ఫ్లాటులో పాప ఈడు పిల్లే ఒకతె ఉంది. ఇద్దరూ ఒకే బడి, ఒకే బస్సు. ఆ పిల్ల పుట్టినరోజుకి వాళ్ళింట్లో బయట నుంచి పిజ్జాలు తెప్పిస్తారు. మా పాపకి ఇంట్లోనే కడుపునిండా పెట్టి పంపి, కేకు కొయ్యగానే, డబ్బాలు తెరవకముందే వెళ్ళి తెచ్చేసుకునేదాన్ని. పాపకి తొమ్మిదో ఏడు వచ్చిన తర్వాత ఒక ఎండాకాలం సెలవుల్లో అలాగే తెచ్చుకుంటుంటే, మెట్ల మీద ఆగి అడిగింది, ఎర్రది వెయ్యకుండా పిజ్జా ఉండదా అని. ఫోన్‌లో చూసిందట, తెల్లది కూడా ఉంటుందట, పాలతో చేస్తారట.

ఉండదని చెప్పేద్దామనుకున్నాను. కానీ అబద్ధం నోటికి రాలేదు. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ ఒక పిజ్జా షాపులోకి వెళ్ళి అడిగాను. వైట్ సాస్‌తో చేస్తామండీ, మీకు ఏ సైజు కావాలి అని అడిగాడు కౌంటరు దగ్గరి కుర్రాడు. అద్దంలోంచి లోపలికి చూశాను. ఒకటే బల్ల, ఒకటే కత్తి. ఎర్ర సాసు గరిటె పక్కనే తెల్ల సాసు గరిటె. పిండి పరిచే చేతులకి ఎర్రటి మరకలున్న గ్లవ్స్. ఏమీ చెప్పకుండా బయటికి వచ్చేశాను.

ఇంట్లో చెయ్యాలి, లేదా ఊరుకోవాలి. ఆయన ఊరుకుందామన్నారు. ఏదో ఒక పిజ్జా తినకపోతే కొంపలు మునగవు, ఉన్నవి తిననీ అన్నారు. ఆయన మైలవరం మాట ఎత్తరు గానీ, ఆ తర్వాత ఎప్పుడూ మురీ మిక్చరు బండి వైపు చూడలేదు. అత్తయ్య మాత్రం, పిల్ల నోరు తెరిచి అడిగింది కదా, ఇంట్లో మన చేత్తో చేసుకుంటే భయమేంటి అన్నారు.

భయం ఏంటో సరుకులు కొన్నప్పుడు తెలిసింది. రెడీగా దొరికే పిజ్జా బేస్ పాకెట్ వెనక అక్షరాలు చదవడానికి కళ్ళజోడు మార్చాల్సొచ్చింది. పైన చల్లుకునే మసాలా పాకెట్లు మూడు రకాలు చూస్తే ఒకదాంట్లో చివర టమాటా పొడి అని ఉంది. మిగతా రెండింట్లో ఉత్త మసాలాలు అని ఉంది, ఏ మసాలాలో లేదు. మూడూ తిరిగి అరలో పెట్టేశాను. చివరికి గవర్నర్‌పేటలో బేకరీ సామాన్లు అమ్మే షాపులో ఈస్టు కొన్నాను. మైదా, వెన్న, పాలు, చీజ్ కొన్నాను. క్యాప్సికం వేద్దామనుకుని, అదీ టమాటా జాతిదేనని ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చి మానేశాను. డాక్టరుగారు అది పరవాలేదనే చెప్పారు. అయినా చెయ్యి దానిమీదికి వెళ్ళలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం. రాత్రి పూట అయితే ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఉండకపోవచ్చని మధ్యాహ్నం. ఆయనకి షాపు ఉండదని ఆదివారం. గోరువెచ్చటి నీళ్ళలో చక్కెర, ఈస్టు వేస్తే నురుగొచ్చింది. ఆ నీళ్ళతో మైదా కలిపి, తడిగుడ్డ కప్పి పెట్టాను. మే నెల ఎండకి పిండి చెప్పిన టైము కంటే ముందే పొంగి గిన్నె అంచు దాటింది. పాప స్టూలెక్కి దాన్ని వేలితో నొక్కి నవ్వింది. ఒక పక్క వెన్న కరిగించి, చెంచాడు మైదా వేయించి, పాలు పోసి ఉండ కట్టకుండా తిప్పాను. అత్తయ్య పక్కన నిలబడి, ఇది పాయసమా, సున్నమా అన్నారు. వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి, మిరియాల పొడి వేసి, ఇంకా చప్పగా ఉందని, వెన్నలో కరివేపాకు కరకరలాడేలా వేయించి దాంట్లో నలిపారు. అప్పుడు వాసన వచ్చింది.

మాకు ఓవెన్ లేదు. అడుగు మందం గిన్నెలో రాళ్ళుప్పు పోసి, స్టాండు పెట్టి, మూతేసి బాగా వేడెక్కించి, పళ్ళెంలో పరిచిన పిజ్జా లోపల పెట్టాను. ఉల్లిపాయ ముక్కలు, స్వీట్ కార్న్, పనీరు, పైన చీజ్. అది ఉడుకుతున్నంత సేపూ నేను చెయ్యాల్సిన మిగతా పనులు చేశాను. ఇంజెక్షను డబ్బా తెచ్చి డైనింగ్ టేబుల్ మీద, పళ్ళేల పక్కన పెట్టాను. ఆసుపత్రి నంబరు ఫోన్‌లో తెరిచి ఉంచాను. ఆయన్ని కారు అపార్ట్‌మెంటు గేటు వైపు తిప్పి పెట్టమన్నాను. ఆయన తిప్పి పెట్టొచ్చి, తాళాలు చేతిలోనే పట్టుకుని, కాళ్ళకి బూట్లతో సోఫాలో కూర్చున్నారు. అన్నీ సిద్ధంగా ఉన్నాయని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

పిజ్జా బాగానే వచ్చింది. అంచులు బంగారు రంగులోకి తిరిగాయి, మధ్యలో చీజ్ బుడగలు కట్టింది. ఎక్కడా ఎరుపు లేదు. కోసి ఒక ముక్క పాప పళ్ళెంలో పెట్టాను. అత్తయ్య, నేను చెరో పక్కన నిలబడ్డాం, ఆయన సోఫాలోంచే చూస్తున్నారు.

పాప ముక్క చేతిలోకి తీసుకుంది. నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. డబ్బా వైపు చూసింది, తర్వాత వాళ్ళ నాన్న కాళ్ళ వైపు చూసింది.

"నాన్న ఇంట్లో బూట్లెందుకేసుకున్నాడమ్మా?"

ఆయన కాళ్ళు సోఫా కిందికి లాక్కున్నారు. చల్లారిపోతుంది, తిను తల్లీ అన్నాను. అత్తయ్య పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని కొరికి, బాగుందే, దిబ్బరొట్టె మీద వెన్న రాసినట్టుంది అన్నారు. నాయనమ్మ తినడం చూసి పాప కొన కొంచెం కొరికింది. నమిలింది. నేను ఆ పెదవుల వైపే చూస్తున్నాను. రెండోసారి కొరికింది, మింగబోయింది, పెద్దగా దగ్గింది.

ఒక దగ్గు కాదు, ఆగకుండా. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, చెయ్యి గొంతు మీదికి పోయింది. నాకు మళ్ళీ మైలవరం అరుగు కనిపించింది. డబ్బా లాగి మూత తీసి గాజుబుడ్డి మెడ విరిచాను. అది ఏటవాలుగా విరిగి బొటనవేలు తెగింది. రక్తం కారుతున్న వేలితోనే సూదిలోకి మందు లాగాను. ఆయన పాపని ఎత్తుకుని అప్పటికే గుమ్మం దాకా వెళ్ళిపోయారు. నేను సూది పట్టుకుని వెళ్ళి పాప గౌను అంచు పైకి లాగాను.

"మిరియమమ్మా! మిరియం!" అని పాప కాళ్ళు తన్నుకుంటూ అరిచింది. "గొంతుకి మిరియం పట్టుకుంది, నాకేం కాలేదు, గుచ్చొద్దు!"

అరిచిన గొంతు స్పష్టంగా ఉంది. బొంగురు లేదు. నేను అలాగే సూది పట్టుకుని నిలబడిపోయాను. అత్తయ్య వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకుని, మూత పెట్టి పక్కన పెట్టారు. ఆయన పాపని దించలేదు, గుమ్మంలోనే కూర్చుండిపోయారు. అయినా డాక్టరుగారికి ఫోన్ చేశాను. మొత్తం విని, పాప ఇప్పుడేం చేస్తోందండీ అని అడిగారు. ఏడుస్తోందండీ అన్నాను. దద్దుర్లు, వాపు ఏమైనా ఉన్నాయా అన్నారు. లేవండీ అన్నాను. గట్టిగా ఏడుస్తోందంటే ఊపిరి బాగానే ఆడుతోందండీ, సాయంత్రం దాకా కనిపెట్టి చూడండి చాలు అన్నారు.

సాయంత్రం దాకా ఏమీ కాలేదు. ఏమీ కాలేదనే అనుకున్నాను.

మర్నాటి నుంచి పాప తినడం తగ్గించింది. మొదట నేను గమనించలేదు. ఇడ్లీ తుంచి లోపల చూసేది. పప్పులో పోపు మిరపకాయ ఎర్రగా కనిపిస్తే పళ్ళెం తోసేసేది. ఎప్పుడూ తినే బీరకాయ కూర వాసన చూసి, ఇందులో ఏమేశారు అని అడిగేది. చివరికి పెరుగన్నం, నాయనమ్మ చేతి ఇడ్లీ తప్ప ఏదీ తినడం లేదు. అదీ పెరుగు మా ఇంట్లో తోడేసిందే. బడి తెరిచాక బాక్సు వెళ్ళినట్టే వెనక్కి వచ్చేది. చేతుల మీద గాజులు వదులయ్యాయి. ఒకరోజు కిందింటి పిల్ల చాక్లెట్ ఇస్తే, పాప చెయ్యి వెనక్కి దాచుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఆ పిల్ల ఏదో పాముని చూపించినట్టు.

ఇన్నాళ్ళూ నా భయం, అది ఏమైనా తింటుందేమోనని. ఇప్పుడు ఏమీ తినదేమోనని. మొదటి భయానికి డబ్బాలో మందుంది. దీనికి ఏముందో నాకు పాలుపోలేదు. ఎదురుగా కూర్చుని బతిమాలితే ఇంకా బిగుసుకుపోయేది. నేను వంటింట్లోకి వస్తుంటే అది నా మొహం చూసేది. కూర చూసేది కాదు, నా మొహమే చూసేది.

అత్తయ్య అదంతా చూస్తూ ఊరుకున్నారు కొన్నాళ్ళు. ఒక మధ్యాహ్నం నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చున్నారు.

"అమ్మాయ్, పిల్లకి తిండంటే బెదురు పట్టింది. నిన్ను చూసి పట్టింది. నువ్వు అది తినేటప్పుడు ఊపిరి బిగబడతావు, నీకు తెలుసా?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

"ఆ పిజ్జా ఏదో దాన్నే చేసుకోనీ. నేనుంటాను పక్కన. నువ్వు వంటింట్లోకి రాకు."

నాకు కోపమొచ్చింది. ఆ సూదీ మందూ ఆవిడకి వాడటం రాదు కదా అన్నాను. నేర్పు, నేర్చుకుంటాను అన్నారు. ఆ వయసులో, కళ్ళజోడు పెట్టుకుని, బత్తాయి కాయ ముందేసుకుని నా దగ్గర నేర్చుకున్నారు. ఆవిడ చేతులు నా చేతుల కంటే నిలకడగా ఉన్నాయి. పాపకి ఆ డబ్బా కనబడకుండా వంటింటి అలమరలో, ఆవిడ చేతికి అందే చోట పెట్టాం.

పాప ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. చేస్తాను గానీ తినను అంది. చెయ్యి చాలు అన్నారు అత్తయ్య. అలా ఇంకో ఆదివారం వచ్చింది. ఆయన షాపులో లెక్కలున్నాయని వెళ్ళిపోయారు. లెక్కలేమీ లేవు, ఇంట్లో ఉంటే బూట్లు వేసుకుని తయారవుతానేమోనని వెళ్ళారు. నేను బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బట్టలు మడతపెడుతున్నట్టు ఒళ్ళో ఒక దుప్పటి పెట్టుకున్నాను.

లోపల మాటలు వినబడుతున్నాయి. పాప పాకెట్ వెనక అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది. మైదా. ఇంకేం లేదు. చీజ్. పాలు, ఉప్పు, ఇంకేదో పేరు, ఇదేంటి నాయనమ్మా అంటే, నాకు ఇంగ్లీషు రాదు, నువ్వే తేల్చు అంటున్నారు అత్తయ్య. పాప గరిటె కడిగింది. కత్తి కడిగింది. కడిగిన చపాతీ పీటే మళ్ళీ కడిగింది. పాలు పొంగిన వాసన వచ్చింది, వెల్లుల్లి వాసన వచ్చింది. మిరియాలు వద్దు అంది గట్టిగా. వద్దులే అన్నారు ఆవిడ. గిన్నె మూత చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏ శబ్దమూ లేదు.

నిశ్శబ్దం నేను తట్టుకోలేను. దగ్గు వినబడుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. కింద ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తే ఉలిక్కిపడ్డాను. లేచి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి కూర్చున్నాను. దుప్పటి మడత విప్పి మళ్ళీ పెట్టాను.

"అమ్మా, ఒకసారి రా" అని పిలిచింది.

వెళ్ళాను. పళ్ళెంలో గుండ్రంగా రాని పిజ్జా ఉంది, ఒక పక్క మాడింది. దాంట్లో ఒక ముక్క లేదు. పాప మూతికి చీజ్ అంటుకుని ఉంది.

"ఎప్పుడు తిన్నావే?"

"ఇందాకే" అంది.

నేను చూడకుండా తినేసింది. పెదవులు చూశాను, కళ్ళు చూశాను, మెడ చూశాను. చూస్తున్నానని దానికి తెలుస్తుందని గుర్తొచ్చి తల తిప్పుకున్నాను. అత్తయ్య స్టవ్ తుడుస్తున్నారు, నా వైపు చూడలేదు. నాకో ముక్క పెట్టవా అని అడిగి పీట మీద కూర్చున్నాను. ఉప్పు తక్కువైంది. బాగుంది అన్నాను.

అప్పుడే బెల్లు మోగింది. వాసన వచ్చిందేమో, కిందింటి పిల్ల. పాప ముందుగానే చెప్పి ఉంచిందట, ఈరోజు నేను పిజ్జా చేస్తానని. ఆ పిల్ల చెప్పులు విడిచి, నవ్వుతూ లోపలికొచ్చి, గుప్పిట తెరిచి చూపించింది. గుప్పిట నిండా టమాటా కెచప్ పాకెట్లు, వాళ్ళు తెప్పించుకున్నప్పుడు మిగిలినవి. పిజ్జాలో నంజుకోవడానికి తెచ్చానని చెప్పింది. పాపకి టమాటా పడదని ఆ పిల్లకి ఎవరం చెప్పలేదు. ఒక పాకెట్ మూల అప్పటికే పళ్ళతో కొరికి ఉంది. ఎర్రటి చుక్క దాని బొటనవేలి మీదుంది.

నేను లేవబోయాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి కూడా చల్లగా ఉంది.

పాప రెండు చేతులూ వెనక్కి కట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. మొహం పాలిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అది మా ఇంట్లోకి తేవద్దు. నాకు పడదు, ఊపిరి ఆడదు" అంది. గొంతు వణికింది గానీ ఆగలేదు. "బయట చెప్పుల దగ్గర పెట్టేసి రా. అక్కడే ట్యాపుంది, సబ్బుతో చేతులు కడుక్కో. వేళ్ళ మధ్యలో కూడా. అప్పుడు తిందాం."

ఆ పిల్ల ఒక్క క్షణం బిక్కమొహం వేసుకుంది. తర్వాత సరే అని వెళ్ళి, పాకెట్లు బయట పెట్టి, గుమ్మం పక్క ట్యాపు దగ్గర చాలాసేపు కడుక్కుంది. పాప తలుపు దగ్గర నిలబడి చూసింది. చేతులు వాసన చూపించమంది. ఆ పిల్ల చూపించింది. తర్వాత ఇద్దరూ వెళ్ళి బాల్కనీలో, నేను కూర్చున్న కుర్చీ పక్కన నేల మీద కూర్చుని తిన్నారు. పాప తన ముక్క తన పళ్ళెంలోనే, దూరంగా పెట్టుకుంది. మధ్యమధ్యలో ఆ పిల్ల చేతుల వైపు ఒక కన్నేసి ఉంచింది.

ఇప్పటికీ నెలకో రెండు నెలలకో ఆ పిజ్జా చేసుకుంటాం. పాప మళ్ళీ కూరలు తింటోంది, అన్నీ కాదు. పాకెట్ చూడకుండా మాత్రం దేన్నీ నోట్లో పెట్టుకోదు. స్కూలు నంబరు నుంచి ఫోనొస్తే ఇప్పటికీ మొదటి రింగుకే ఎత్తేస్తాను. మందు గడువు తీరిన ప్రతిసారీ కొత్తది తెస్తాను, పాతదాంతో అత్తయ్య, నేను మళ్ళీ బత్తాయి మీద చూసుకుంటాం.

ఆ రోజు పిల్లలిద్దరూ తింటుండగా నేను బయటికి వెళ్ళాను. చెప్పుల పక్కన ఆ కెచప్ పాకెట్లు పడి ఉన్నాయి. పాత పేపరు తెచ్చి, చెయ్యి తగలకుండా వాటిని చుట్టి, నేల మీద పడిన చుక్కని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కూడా పేపర్లోనే చుట్టాను. లిఫ్టు ఎక్కలేదు, దాని బటన్లు పాప నొక్కుతుంది. మెట్లు దిగి గేటు దగ్గర చెత్తడబ్బాలో వేశాను. వాచ్‌మన్ గది పక్కన కుళాయి ఉంది. అతన్ని సబ్బు అడిగి తీసుకుని, మోచేతుల దాకా కడుక్కుని పైకి వచ్చాను.